మూడు పళ్ల బ్రిడ్జి, నాలుగు వందల సకినాలు

నా పైదవడలో కుడిపక్కన ఒక వంతెన ఉంది. సెలవురోజు వస్తే చాలు, జనం పిల్లాజెల్లతో కోమటిచెరువు మీద వేలాడే వంతెన ఎక్కి ఫొటోలు దిగుతారు గానీ, సిద్దిపేటలో నిజంగా చూడాల్సిన వంతెన నాదే. అటొక పన్ను, ఇటొక పన్ను, అవి స్తంభాలు. నడుమ ఎప్పుడో ఊడిపోయిన పన్ను జాగాలో, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు నటించే పింగాణీ పన్ను. మూడూ కలిపి ఒకే ముక్క. లోపల లోహం, పైన తెల్లటి పింగాణీ. డాక్టర్లు దాన్ని బ్రిడ్జి అంటారు. తొమ్మిదేళ్లుగా దాని మీదుగా వెళ్లిన మక్క కంకులు, చెరుకు ముక్కలు, మటన్ బొక్కలు, మా ఆవిడ చేసే జొన్నరొట్టెలు లారీలకెత్తితే ఆ లారీల వరస గజ్వేల్ దాటి పోతుంది.

అంతటి వంతెన ఒక బుధవారం పొద్దున పదిన్నరకు, అక్క ఇంట్లో, పద్నాలుగుమంది ఆడవాళ్ల కళ్లముందు కూలింది. కూలిందని వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. తెలియనివ్వకపోవడం నా తప్పు.

ఆ ఆదివారం నా మేనకోడలి ఎంగేజ్మెంటు. అబ్బాయి వాళ్లది చిన్నకోడూరు. వియ్యాలవారికి ఇవ్వాల్సిన సారె కోసం అక్క నాలుగు వందల సకినాలు పోయిస్తోంది. మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. వేరేవాళ్లకు ఉందో లేదో నాకు తెలియదు. సారె గంప మీది గుడ్డ తీయగానే అమ్మాయి మేనమామ ముందుకొచ్చి, అన్నిటికంటే పైనున్న సకినాన్ని తీసి, అందరికీ వినపడేలా కొరకాలి. కర్రుమని చప్పుడు రావాలి. నమిలి మింగి "మంచిగున్నయి" అనాలి. ఆ మాట పడితేనే గంప ఈ చేతుల నుంచి ఆ చేతులకు పోతుంది. అక్క లగ్గానికి మా మేనమామ కొరికిన చప్పుడుకు వెనక గల్లీలో పడుకున్న కుక్కలు లేచి నిలబడ్డాయని మా అవ్వ చెప్పేది. అవ్వ కొంచెం తగ్గించి చెప్పే మనిషి. పెంచి చెప్పే గుణం నాకు బాపు వైపు నుంచి వచ్చింది.

నాకు ఒక్కతే అక్క. అక్కకు ఒక్కతే బిడ్డ. అంటే నా మొత్తం జన్మకు ఆ కొరుకుడు ఒకే ఒక్కసారి. మేనకోడలు పుట్టిన రోజు నుంచి, ఇరవై నాలుగేళ్లుగా, నేను పళ్లు తోముకుంటున్నది ఆ ఒక్క ఘడియ కోసమే.

బుధవారం పొద్దున వెళ్లేసరికి ఇల్లంతా పాత ధోవతులు పరిచి ఉన్నాయి. ధోవతుల మీద తెల్లటి చుట్లు. గల్లీలోని ఆడవాళ్లు వరసగా కూర్చుని, గిర్నీలో పట్టించిన తడిపిండిని వేళ్ల సందున మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు పోస్తున్నారు. వాళ్ల చేతుల్లో పిండి దారమైపోతోంది. పొయ్యి దగ్గర కూర్చున్న అక్క మొదటి వాయి తీసి, వాటిలో ఒకటి ఊదుకుంటూ నా చేతిలో పెట్టింది.

"తమ్మీ, జర కొరికి చెప్పు. వేగినయా లేదా?"

"ఆగుండ్రి, ఆగుండ్రి! సప్పుడు జెయ్యకుండ్రి!" అంది పక్కింటి పెద్దమ్మ. "మేనమామ కొరుకుతుండు!"

పద్నాలుగు జతల గాజులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతమంది చూస్తుంటే నాలోని నటుడు లేచాడు. నడుం నిటారు చేశాను. దవడ తెరిచాను. ఆదివారానికి ఇది రిహార్సల్ అనుకుని, ఉన్న బలమంతా పెట్టి కొరికాను.

కటుక్కు!

"అబ్బ! ఇన్నరా? ఎంత కర్కరన్నదో!"

"గీ సప్పుడుకు వియ్యపురాలు ఉలిక్కిపడ్తది సూడుండ్రి!"

"పిండి మంచిగ కలిసింది వదినా, నీ చెయ్యి వడితె గంతే!"

అక్క మొహం పొయ్యిలోని మంటకంటే ఎక్కువ వెలిగింది. ఆ చప్పుడు చేసింది నీ సకినం కాదక్కా, నా పన్ను అని ఆ మొహంతో ఎలా చెప్పను? నాలుకతో తడిమి చూసుకున్నాను. స్తంభం పన్ను అంచున పింగాణీ ఎగిరిపోయి గరుకుగా తగిలింది. ఎగిరిన ముక్క నోట్లో లేదు. మింగానా? చేతిలో మిగిలిన సగం సకినం ఏమైందో కూడా గుర్తులేదు, ఎందుకంటే ఆ క్షణాన నా శరీరం మొత్తం నాలుకే. పెదాలు తెరవకుండా "మంచిగున్నయక్కా" అనబోయాను, పొలమారింది. దగ్గాను. చిన్న దగ్గు కాదు, తుఫాను. సరిగ్గా నా ముందే, మూత లేకుండా, తడిపిండి తాంబాలం.

తెల్లటి పిండి. అందులో బియ్యపు పలుకులు, నువ్వులు, వాము. నా పింగాణీ ముక్క అందులో పడితే దేవుడికి కూడా దొరకదు. చూస్తుండగానే నలుగురు నాలుగు ముద్దలు తీసుకుని పోయడం మొదలుపెట్టారు.

"నువ్వులు తక్కువైనట్టున్నయి, తెస్త," అని చెప్పి స్కూటర్ ఎక్కాను. పాత బస్టాండు దగ్గర మేడమీదున్న పళ్ల డాక్టరమ్మ దగ్గర దిగాను.

చిన్న వయసు అమ్మాయి. రోజూ గజ్వేల్ నుంచి బస్సులో వచ్చిపోతుంది. నన్ను కుర్చీలో పడుకోబెట్టి, నోట్లోకి లైటు తిప్పి, "ఏం దిన్నరు అంకుల్?" అంది. అంకుల్ అనడం పన్ను విరిగినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"సకినం."

"సకినాలేనా! గీ దవాఖాన నడిచేదే వాటి మీద అంకుల్," అంటూ చిన్న అద్దం పెట్టి చూపించింది. తెల్లటి గోడకు సున్నం రాలి ఇనుపచువ్వ బయటపడ్డట్టు, పన్ను అంచున నల్లగా లోహం. "పైన పింగాణీ ఎగిరిపోయింది. ఆ ముక్క దొరుకుతె తీస్కరాండ్రి, ఉన్నది ఉన్నట్టు అతికిస్త. అరగంట పని. దొరకకుంటె పన్ను రంగు పూత పూస్త గని, అది సకినానికి ఆగది."

"ముక్క తెస్తే అతికించి పంపిస్తరా?" నేను కుర్చీలోంచి లేవబోయాను.

"పండుండ్రి. ముక్క ముచ్చట పైపైది." ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. నా పన్ను టీవీలో కనపడటం అదే మొదటిసారి. మంచి వార్తతో మాత్రం కాదు. "గీడ నల్లగ ఉన్నది సూసిన్రా? బ్రిడ్జి కింద సిమెంటు కరిగి సందు వడ్డది. స్తంభం పన్ను లోపట పుచ్చుతున్నది. నన్నడిగితె బ్రిడ్జి కోసి తీసెయ్యాలె. పుచ్చు సాఫ్ జేసి, కొలత దీస్కొని, కొత్తది చేపియ్యాలె. హైదరాబాద్ నుంచి రావాలంటె వారం వడ్తది. గప్పటిదాంక ప్లాస్టిక్‌ది పెడ్త. ఇడ్లీ దినొచ్చు, అన్నం దినొచ్చు."

"సకినం?"

"సకినం పేరు గూడ తియ్యొద్దు."

"అతికిస్తే మాత్రం కొరకొచ్చా?"

ఆమె మాస్కు వెనక నవ్విందో, నిట్టూర్చిందో. "ఒక్కసారికి ఆగొచ్చు అంకుల్. ఆగుతదని రాసియ్యను. అతికినంక లోపటి సంగతి మీరు మర్చిపోతరు, అందరు గంతే. మళ్ల ఎండకాలంల స్తంభం గూడ పోయినంక వస్తరు. గప్పుడు మూడు పండ్ల బ్రిడ్జి కాదు, ఇంకా పెద్దది గావాలె."

మెట్లు దిగుతుంటే నా ముందు రెండు దారులు స్పష్టంగా కనిపించాయి. అతికిస్తే ఆదివారం కొరకొచ్చు, పన్ను పోతుంది. మారిస్తే పన్ను ఉంటుంది, ఇరవై నాలుగేళ్ల కొరుకుడు పోతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు రాజులకు కూడా వచ్చి ఉండదు. వచ్చినా వాళ్లకు మంత్రులుంటారు. నాకు మా ఆవిడ, మా బాపు.

ఇంటికి వెళ్లగానే మా ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఏందయ్యా, మూతి గట్ల బిగవట్టినవ్?"

నోరు తెరిచి చూపించాను. ఆమె ముందు నిలబడి నవ్వింది, తర్వాత గోడ పట్టుకుని నవ్వింది, చివరికి గడప మీద కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వడం అయ్యాక తీర్పిచ్చింది.

"ముక్క దేవులాడి అతికిపిచ్చుకో. ఆదివారం గడవని. తర్వాత మార్పిచ్చుకుందువు."

"తర్వాత నేను పోతనా?"

"పోవు," అంది నిజాయితీగా. ముప్పయ్యేళ్ల కాపురం.

బాపు మంచంలో కూర్చుని అంతా వింటున్నాడు. నలభై ఏళ్లు గొల్లభామ చీరలు నేసిన చేతులు. ఇప్పుడు కళ్లు మసకబారి మగ్గం దిగాడు గానీ, ఏ విషయం వచ్చినా మగ్గం మీదికే తీసుకుపోతాడు. వంట గ్యాసు అయిపోయినా మగ్గమే, ఎలక్షన్లు వచ్చినా మగ్గమే.

"అరే, మగ్గంల అచ్చుంటది సూడు," అన్నాడు. దువ్వెన లాంటి చట్రం అది, ఒక్కో పన్ను సందులోంచి పోగులు దిగుతాయి. "దాంట్ల ఒక్క పన్ను వంగితె ఏమైతది?"

"చీరల గీత వడ్తది బాపు."

"ఎంత పొడుగు?"

"చీరంత పొడుగు."

"నేనొకసారి ఆర్డరు తొందరల, వంగినదాన్ని చేత్తోని సదిరి మూడు చీరలు నేసిన. గీత సన్నగ వడ్డది. ఎవ్వరు వట్టుకోలే. నాలుగోదానికి అచ్చు మార్చిన." మంచం దుప్పటి మీద వేలితో ఒక గీత గీశాడు. "గా మూడు చీరలు ఎవరు కట్టుకున్నరో తెల్వది గని, నాకు మాత్రం గీత ఇంకా కనవడ్తనే ఉన్నది."

అంతే చెప్పి, నీళ్లు ఇయ్యమన్నాడు. మార్చమన్నాడా, అతికించమన్నాడా అని అడిగితే "నాకు పండ్లే లేవు, నన్నెందుకు అడుగుతవ్?" అన్నాడు.

మర్నాడు పొద్దున అక్క ఇంటికి వెళ్లాను. నాలుగు వందల సకినాలు వేగి, చల్లారి, వెదురు గంపల్లో దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. ఒక్కదానికీ చెక్కు లేదు. సారెలో విరిగిన సకినం పెట్టకూడదు. అంటే విరిచి వెతకడానికి లేదు. వాటిలో ఎక్కడో నా పన్ను. అది చిన్నకోడూరులో ఏ వియ్యంకుడి పంటి కిందికో పోయి, ఆయన పన్ను విరిచి, ఆయనను కూడా మా డాక్టరమ్మ దగ్గరికి పంపడం నాకు కళ్లకు కట్టినట్టు కనపడింది. కుర్చీలో పడుకుని "మా వియ్యాలోళ్ల సకినం" అని ఆయన చెప్పడం కూడా వినపడింది.

"అక్కా, నిన్న గా సప్పుడు సకినంది కాదు," అన్నాను.

ముందు అర్థం కాలేదు. నోరు తెరిచి చూపించాక అర్థమైంది. తాంబాలం మీద దగ్గిన సంగతి కూడా చెప్పాక పూర్తిగా అర్థమైంది.

"ఓరి నీ తెలివి మన్నువడ! నా బిడ్డ సారెల నీ పండ్లు పెట్టి పంపుతున్ననా నేను?"

"నిన్న చెప్దామనుకున్న అక్కా. నువ్వు గంత సంబురపడ్తుంటె..."

"సంబురపడ్తుంటె చెప్పవా? పద్నాలుగు మంది నడుములు ఇరగంగ పోసిన్రు గదరా! ఏది ఇరిగినా చిన్నగున్నప్పటి సంది గిదే పని నీది, నోరు మూస్కొని తిర్గుడు!"

మేనకోడలు పరుగెత్తుకుంటూ వచ్చి, సంగతి విని, "మామా, ఫోను టార్చి పెట్టి సూద్దమా?" అంది. పది సకినాలు వెలుతురుకు పట్టి చూశాం. అన్నిటిలోనూ తెల్లటి పలుకులే. నాలుగు వందల అనుమానాలు.

అక్క తేల్చేసింది. మళ్లీ బియ్యం నానబోయాలి, మళ్లీ గిర్నీ, మళ్లీ గల్లీ. "గీసారి నువ్వు గూడ పొయ్యాలె. పండ్లు లేకున్నా చేతికి ఏళ్లు ఉన్నయి గద!"

శుక్రవారం పొద్దున, పద్నాలుగు మంది ఆడవాళ్ల నడుమ, మూతికి తువ్వాల కట్టుకుని (అక్క హుకుం) నేను పదిహేనో మనిషిగా కూర్చున్నాను. వాళ్ల చేతుల్లో దారమైన పిండి నా చేతుల్లో పాము అయింది, వానపాము అయింది, చివరికి జిలేబి అయింది. గంటన్నరకు తొమ్మిది పోశాను. పక్కింటి పెద్దమ్మ వాటిని చూసి, "గివి వియ్యాలోళ్లకు కాదు గని, పిల్లలకు దిష్టి తియ్యనీకె పనికొస్తయి," అంది. ఆ సందడిలో పన్ను పోయిన బాధ కూడా మర్చిపోయాను. నా కథ అప్పటికే గల్లీ దాటి, బజారు దాటి పోయింది. ఒకావిడ నేను మూడు పళ్లు మింగానని చెప్పింది. ఇంకొకావిడ దవడే జారిందని. నేను ఎవరినీ సరిదిద్దలేదు, ఆ పెంచడం నాకు నచ్చింది.

చివరి వాయి నూనెలో ఉండగా మా ఆవిడ ఫోను.

"ఏందయ్యా, నీ బుధవారం అంగి ఉతుకుదామని నానవెట్టిన. జేబుల సగం సకినమున్నది. నాని, దాంట్లకెళ్లి తెల్లగ ఒక పలుకు బయటవడ్డది. బియ్యమేమో అనుకున్న గని, కొరికితె దిగుతలేదు."

"కొరికినవా?"

"మరెట్ల తెలుస్తది?"

స్పీకరులో అంతా వినపడింది. అక్క జల్లిగంటె చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. వెనక గంపల్లో నాలుగు వందలు, ముందు కొత్తగా వేగినవి నాలుగు వందలు, ఒక్కదానిలోనూ పన్ను లేదు.

"ఎనిమిది వందలు," అంది నెమ్మదిగా. "ఎనిమిది వందల సకినాలు. ఒక్క పన్నుకు." ఆ తర్వాత ఆమెకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. అదే నా అదృష్టం. గల్లీ మొత్తానికి సంచీలు నింపి పంపింది.

సాయంత్రం మా ఆవిడ కుంకుమ భరిణెలో దూది పరిచి ఇచ్చిన ముక్కతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె చిన్న పట్టకారుతో దాన్ని పన్ను అంచున ఆనించింది. అమ్మా, ఏం అమరిక! ఎప్పుడూ ఊడనట్టే కూర్చుంది.

"చెప్పుండ్రి. అతికియ్యాల్నా, కొయ్యాల్నా?"

"ఐదు నిమిషాలు ఇయ్యుండ్రి," అని వరండాలోకి వచ్చాను. కింద కరీంనగర్ బస్సు కోసం జనం. అతికిస్తే ఆదివారం కర్రుమంటుంది, వందమంది వింటారు. అందరూ సకినం చప్పుడే అనుకుంటారు, బుధవారం అనుకున్నట్టే. అది సకినం చప్పుడో, పన్ను చప్పుడో తెలియక నేనొక్కణ్నే, గంప చేతులు మారేదాకా నాలుకతో తడుముకుంటూ నిలబడాలి. ఒక్క రోజు మూతి మూసుకుని తిరిగితే ఎనిమిది వందల సకినాలయ్యాయి. ఎండాకాలం దాకా తిరిగితే ఏమవుతుందో!

లోపలికి వెళ్లి కుర్చీలో పడుకున్నాను. "కోసెయ్యుండ్రి."

"ఆదివారం కొరుకుడు?"

"కోసెయ్యుండ్రి, నా మనసు మారకముందే!"

తర్వాత జరిగినదాన్ని నేను యుద్ధం అంటాను, ఆమె ఇరవై నిమిషాల పని అంటుంది. మిషను కూసింది, నీళ్లు చిమ్మాయి, లోహం కాలిన వాసన వచ్చింది. తొమ్మిదేళ్ల వంతెన రెండు ముక్కలై గిన్నెలో టింగుమంది. స్తంభం పన్ను లోపల గోధుమరంగు గుంత. "ఇంకా టైమున్నది అంకుల్, మంచిగ దొరికిండు," అంది, పన్నును మనిషిలా. దాన్ని శుభ్రం చేసి, మెత్తటి ముద్దతో కొలత తీసుకుని, ప్లాస్టిక్ పళ్లు పెట్టి పంపింది. బయటికి వచ్చి గాలి పీల్చాను. చెప్పకూడదు గానీ, ఎగిరి గంతేయాలనిపించింది.

ఆదివారం. పందిరి, కుర్చీలు, కూల్‌డ్రింకులు, వియ్యాలవారివి రెండు జీపులు, ఒక కారు. నేను బిగుతైన కొత్త చొక్కాలో. అక్కకు ముందే చెప్పాను. ఆమె రాత్రి నుంచి ఒకటే మాట: "మేనమామ ఉండంగ ఇంకెవ్వరు కొరుకుతర్రా? మా మరిది కొడుకా? వాడు సప్పుడు లేకుండ మింగుతడు!"

గంప వచ్చింది. గుడ్డ తీశారు. అందరూ నా వైపు చూస్తున్నారు. పైనున్న సకినాన్ని రెండు చేతులతో తీశాను. అంత తేలికది నా చేతిలో రోలులా బరువెక్కింది.

"బావా, వదినా, అందరు ఇనుండ్రి," అన్నాను వియ్యాలవారితో. "నా పండ్లు రిపేరుల ఉన్నయి. వారందాంక నేను ఇడ్లీ మనిషిని. గీ సకినాలు మా అక్క రెండుసార్లు పోసింది, రెండోసారి నా వల్లనే పోసింది. గీ పొద్దు కొరుకుడు ఆమెది." సకినాన్ని అక్క చేతిలో పెట్టాను.

అక్క నన్ను నమిలేసేలా చూసింది. అక్క సకినాన్ని అటూ ఇటూ తిప్పి, పక్కపళ్ల మధ్య పెట్టి కొరికింది.

కర్రుమంది! నిజమైన చప్పుడు, సకినం చప్పుడు. ఆ చప్పుడును మొదటిసారి బయటి నుంచి విన్నాను. ఇన్నాళ్లూ మేనమామలకు దక్కని సుఖం ఇదేనని తెలిసింది. అక్క నమిలింది. నెమ్మదిగా నమిలింది. ఇప్పుడు "మంచిగున్నయి" అనాలి. నేను పెదాలు కదిపి అందించాను కూడా.

"వాము ఎక్కువైంది," అంది అక్క.

మా బావ గుండె పట్టుకున్నాడు. మేనకోడలు తల దించుకుంది. పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడింది. అయిపోయింది, సంబంధం వాముతో పోయిందనుకున్నాను. ఆమె నేరుగా వచ్చి, అక్క చేతిలో మిగిలిన సగాన్ని అందుకుని కొరికింది.

"అవునొదినా, జర ఎక్కువైంది," అంది నములుతూ. "గని మా ఇంట్లవి గూడ గిట్లనే అయితయి. నోరు దెర్సి ఎవ్వరు చెప్పరు, గంతే. మంచిగున్నయి. తీస్కోండ్రి గంప!"

పందిరి మొత్తం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. జీపు డ్రైవర్లతో సహా అందరికీ వాము గురించి ఒక అభిప్రాయం ఉందని ఆ రోజే తెలిసింది. గంప ఎత్తుకుని వియ్యాలవారి ఆడవాళ్లు లేస్తుండగా, అక్క చెయ్యి చాచి అందులోంచి ఇంకొక సకినం తీసుకుంది. గంప అప్పటికే వాళ్లది. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం ఎవరూ చేయలేదు.